అభిరుచి ఉపాధిగా మారాలంటే

కోటి విద్యలు కూటి కొరకే అని మన పెద్దలు చెప్పిన మాట. అయితే కొన్ని విద్యలను మనిషి కూటి కోసం నేర్చుకోడు. పెరట్లో అంటుకట్టడం, చెక్కతో బొమ్మలు చేయడం, పాత గుడ్డలతో బొంతలు కుట్టడం, తేనెటీగలను పెంచడం, ఊరంతా మెచ్చేలా ఆవకాయ కలపడం వంటివి చాలామందికి తీరిక వేళల్లో అబ్బిన పనులు. వాటి కోసం ఎవరూ కూలి అడగరు, ఎవరూ ఇవ్వరు. కొంతకాలానికి ఇరుగుపొరుగు వారు, “ఇంత బాగా చేస్తున్నావు, దీన్నే వ్యాపారంగా ఎందుకు పెట్టుకోకూడదు?” అని అడుగుతారు. ఆ ప్రశ్న మనసులో నాటుకుంటుంది. మరికొన్ని నెలలకు ఆ వ్యక్తి మా శాఖ గుమ్మం ఎక్కుతాడు.

గ్రామీణ శాఖలలో క్షేత్రాధికారిగా పనిచేస్తున్న నాకు ఇటువంటి దరఖాస్తుదారులు తరచుగా తారసపడుతుంటారు. వారిని చూస్తే సంతోషం కలుగుతుంది. సబ్సిడీ వస్తుందని మాత్రమే యూనిట్ పెట్టేవారి కంటే, చేసే పని మీద మక్కువ ఉన్నవారు కష్టకాలంలో నిలబడే అవకాశం ఎక్కువ. కానీ వారి విషయంలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. ఇష్టంగా చేసే పనికి మనిషి లెక్క వేయడు. తన శ్రమకు వెల కట్టడు. చెడ్డ ఋతువు వస్తుందని ముందుగా ఊహించడు. ఆ లెక్క వేయకుండా తీసుకున్న ఋణం, ఇష్టమైన పనినే కష్టంగా మార్చివేస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం ఆ లెక్క ఎలా వేయాలో వివరించడమే.

తేనెపెట్టెలు నేర్పిన పాఠం

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో, ఒక మెట్ట గ్రామంలో సైకిల్ మరమ్మతు దుకాణం నడిపే యువకుడు తేనెటీగల పెంపకానికి ఋణం కావాలని వచ్చాడు. అతని ఇంటికి వెళ్ళి చూశాను. వేపచెట్టు నీడలో రెండు పెట్టెలు ఉన్నాయి. ముఖానికి వల లేకుండా, చేతికి తొడుగు లేకుండా మూత తీసి, పట్టును నెమ్మదిగా పైకెత్తి, గుంపులో రాణి ఈగను నాకు వేలితో చూపించాడు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన నాకు ఆ దృశ్యం ఎంతో నచ్చింది. గంటసేపు ఈగల గురించే మాట్లాడుకున్నాము. డబ్బు గురించి మాట్లాడినది పది నిమిషాలు కూడా ఉండదు.

ఇరవై పెట్టెలకు ఋణం సిఫారసు చేశాను. మంజూరై, పెట్టెలు వచ్చేసరికి మార్చి నెల గడిచింది. మూడు నెలల విరామం తరువాత నెలవారీ వాయిదాలు మొదలయ్యాయి. ఆ ప్రాంతంలో నువ్వులు, పొద్దుతిరుగుడు, ధనియాలు పూసే కాలం అప్పటికే దాటిపోయింది. దేశవాళీ తేనెటీగకు ఒక స్వభావం ఉంది. మకరందం, పుప్పొడి దొరకకపోయినా, నీరు కరవైనా, మైనపు పురుగు పట్టుకు చేరినా, అది గూడు వదలి గుంపుగా లేచిపోతుంది. చుట్టుపక్కల పొలాల్లో పగటిపూట పురుగు మందు చల్లితే, మేతకు వెళ్ళిన ఈగలు తిరిగి రావు. రెండు పెట్టెలకు పెరటి చెట్ల పూలు సరిపోయాయి. ఇరవై పెట్టెలకు సరిపోలేదు. జూలై నెలాఖరుకు పదమూడు పెట్టెలు ఖాళీ అయ్యాయి.

నేను మళ్ళీ వెళ్ళినప్పుడు అతను ఖాళీ పెట్టెలను కడిగి ఎండలో బోర్లించి ఉంచాడు. “ఈగల తప్పేమీ లేదు సార్. తిండి లేని చోట ఎవరుంటారు?” అన్నాడు. అంతకుముందు కట్టిన వాయిదాలు అతని భార్య చెవిదిద్దులు కుదువపెట్టి కట్టినవని ఆ తరువాత తెలిసింది.

ఇక్కడ అతని ఇష్టంలో లోపం లేదు, పనితనంలోనూ లేదు. ఏ నెలలో ఏ పువ్వు దొరుకుతుంది, దొరకని నెలల్లో ఏమి చేయాలి, ఆదాయం వచ్చే నెలలు ఏవి, వాయిదా కట్టవలసిన నెలలు ఏవి అన్న ప్రశ్నలు నేను అడగలేదు. అతను ఉత్సాహంగా చెప్పాడు, నేను ఉత్సాహంగా విన్నాను. ఉత్సాహాన్ని ప్రణాళికగా పొరబడ్డాను.

తరువాత శాఖ ఆ ఋణాన్ని పునర్వ్యవస్థీకరించింది. నెలవారీ వాయిదాల బదులు, తేనె తీసే కాలం తరువాత రెండు విడతలుగా కట్టే ఏర్పాటు జరిగింది. అతను మిగిలిన ఏడు పెట్టెలతోనే సాగాడు. పూత ఉన్న చోటికి రాత్రివేళ పెట్టెలను తరలించడం, పూలు లేని రోజుల్లో చక్కెర పాకం పెట్టడం, మందు సాయంత్రం వేళ చల్లమని పొలం యజమానులను ముందే అడగడం అలవాటు చేసుకున్నాడు. ఋణం తీరడానికి అనుకున్నదాని కంటే రెండేళ్ళు ఎక్కువ పట్టింది. దిద్దులు ఇంటికి తిరిగి వచ్చాయి. సైకిల్ దుకాణం మాత్రం అతను మూయలేదు. మూయకపోవడమే మంచిదని నేను కూడా చెప్పాను.

ఇష్టంతో పాటు ప్రయోజనం ఉండాలి

తనకు ఇష్టమైన పని మరొకరి అవసరం తీర్చినప్పుడే అది వ్యాపారం అవుతుంది. దీనికి మన దేశంలోనే పేరుపొందిన ఉదాహరణలు ఉన్నాయి.

యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన శ్రీ చింతకింది మల్లేశం చేనేత కుటుంబంలో పుట్టి, ఆరో తరగతితో చదువు ఆపినవారు. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు, నూలును అర్ధచంద్రాకారంగా అమర్చిన మేకుల చుట్టూ చేతితో తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్కొక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ముందుకు, వెనుకకు కదలాలి. ఈ పని సాధారణంగా ఇంటి ఆడవారిదే. తల్లి భుజాల నొప్పిని చూసిన మల్లేశం, యంత్రాల మీద తనకున్న ఆసక్తిని ఆ నొప్పి తీర్చడానికి వినియోగించారు. ఏళ్ళ తరబడి డబ్బు లేక, మాటలు పడుతూ, భాగాలను ఒక్కొక్కటిగా సమకూర్చుకుని 1999లో యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. చీరకు ఐదారు గంటలు పట్టే ఆసు గంటన్నరలో పూర్తయింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. ఆయన యంత్రాన్ని కొన్నవారు ఆయన మీది అభిమానంతో కొనలేదు. తమ ఇంటి ఆడవారి భుజాలకు విశ్రాంతి, మగ్గానికి మరికొన్ని చీరలు వస్తాయని కొన్నారు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక రెండవ ఉదాహరణ. అక్కడి కళాకారులు మెత్తని అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ బొమ్మలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి రంగు పూతగా అంటుకుంటుంది. ఒక దశలో రసాయన రంగుల వాడకం పెరిగింది. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కాబట్టి రంగు హానికరం కాకూడదన్నది కొనేవారి మొదటి షరతు. వ్యవసాయశాస్త్రం చదివి స్వగ్రామానికి తిరిగి వచ్చిన శ్రీ సి.వి.రాజు, గింజలు, బెరడు, వేళ్ళు, ఆకుల నుండి సహజమైన రంగులు తీసే విధానాన్ని పునరుద్ధరించి, కళాకారులను ఒకచోట చేర్చారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే సాగింది. ఇక్కడ ఒకరి ఆసక్తి రంగుల మీద, ప్రయోజనం పసిపిల్లల క్షేమం, ఫలితం ఊరికి బ్రతుకుదెరువు. ఈ మూడూ కలిసినందువల్ల ఆ పని నిలిచింది.

మూడవది లిజ్జత్ పాపడ్. 1959 మార్చి 15న ముంబయి గిర్గాం ప్రాంతంలో ఏడుగురు గృహిణులు ఒక మేడ మీద చేరి, 80 రూపాయల అప్పుతో అప్పడాల తయారీ మొదలుపెట్టారు. మొదటి రోజు తయారైనవి నాలుగు పొట్లాలు. అప్పడం ఒత్తడం వారికి ఇంట్లో వచ్చిన పనే, కొత్తగా నేర్చినది కాదు. మొదటి ఏడాది వానాకాలం వచ్చేసరికి ఎండ లేక అప్పడాలు ఆరలేదు. నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది వారు ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద పొయ్యి వెలిగించి ఆరబెట్టారు. ఆ సంస్థలో నేడు 45 వేల మందికి పైగా మహిళలు సభ్యులు. వ్యవస్థాపకులలో ఒకరైన శ్రీమతి జస్వంతీబెన్ జమునాదాస్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు.

నా తేనెపెట్టెల ఋణానికి, లిజ్జత్ మంచానికి ఉన్న తేడాను పాఠకులు గమనించాలి. రెండింటికీ చెడ్డ ఋతువు వచ్చింది. నాలుగు పొట్లాలతో మొదలైన పని నాలుగు నెలలు ఆగినా మునిగిపోలేదు, పరిష్కారం వెదకడానికి వ్యవధి దొరికింది. ఇరవై పెట్టెలతో మొదలైన పనికి ఆ వ్యవధి దొరకలేదు. చిన్నగా మొదలుపెట్టమని బ్యాంకు చెప్పినప్పుడు అది నమ్మకం లేక చెప్పిన మాట కాదని గ్రహించాలి.

శ్రమకు వెల కట్టండి

ఇష్టంతో పనిచేసేవారు ఎక్కువగా పొరబడేది ధర నిర్ణయంలో. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్లు తాను చేసిన వస్తువు తనకు ముద్దుగానే ఉంటుంది. దాని అసలు ఖరీదెంతో మాత్రం తెలియదు. ఒక చిన్న లెక్క చూద్దాము. ఇందులోని అంకెలు పద్ధతి తెలియడానికి ఊహించినవి మాత్రమే. మీ ఊరి ధరలతో మీరే వేసుకోవాలి.

చేతి రుచికి పేరున్న ఒక గృహిణి 100 కిలోల ఆవకాయ పెట్టదలచినది అనుకుందాము.

మామిడికాయలు: రూ. 3,500
నూనె: రూ. 8,000
కారం: రూ. 7,500
ఆవపిండి: రూ. 2,500
ఉప్పు, మెంతులు, వెల్లుల్లి: రూ. 1,500
సీసాలు, లేబుళ్ళు: రూ. 4,000
మొత్తం: రూ. 27,000

అంటే కిలోకు రూ. 270. కిలో రూ. 320కి అమ్మితే కిలోకు 50 రూపాయల చొప్పున 5,000 రూపాయల లాభం అని ఆమె అనుకుంటుంది. నాకు వచ్చే దరఖాస్తులలో లెక్క సాధారణంగా ఇక్కడితోనే ఆగిపోతుంది. ఇప్పుడు వదిలివేసిన ఖర్చులు కలుపుదాము.

ఇద్దరు ఆరు రోజులు పనిచేస్తే 12 పనిదినాలు. రోజుకు రూ. 400 చొప్పున రూ. 4,800. పట్నం దుకాణాలకు రవాణా రూ. 1,500. దుకాణదారుకు అమ్మకం ధరపై 20 శాతం కమీషను రూ. 6,400. పగిలినవి, పాడైనవి అమ్మకంలో 3 శాతం రూ. 960. సరకు అంతా అమ్ముడుపోవడానికి ఏడాది పడితే, పెట్టుబడి సగటున ఆరు నెలలు నిలిచి ఉన్నట్లు లెక్క. 27,000 రూపాయలకు 11 శాతం చొప్పున ఆరు నెలల వడ్డీ సుమారు రూ. 1,500. అన్నీ కలిపితే ఖర్చు రూ. 42,160. అమ్మకం రూ. 32,000. నష్టం రూ. 10,160.

ఐదు వేల లాభం పది వేల నష్టంగా ఎలా మారింది? ఏదీ కొత్తగా వచ్చిన ఖర్చు కాదు. అన్నీ మొదటి నుండీ ఉన్నవే, రాయనివి మాత్రమే.

ఇంటి వద్దనే అమ్మితే కమీషను, రవాణా ఉండవు. అప్పుడు నష్టం రూ. 2,260కి తగ్గుతుంది. అంటే ఆ ఇద్దరి కూలిలో రూ. 2,540 మాత్రమే చేతికి వచ్చింది. రోజుకు 212 రూపాయలు. ఇల్లాలు తన శ్రమను లెక్కలో రాయలేదు కాబట్టి ఆ నష్టం కనిపించదు. ఆమె దాన్ని లాభమని అనుకుంటుంది. మరుసటి ఏడాది ఇదే లెక్కతో పదింతలు పెడితే, సాయానికి కూలీలను పిలవక తప్పదు. వారికి నగదు ఇవ్వాలి. నష్టం అప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఋణం నెత్తి మీద ఉంటుంది.

మరి దుకాణాల ద్వారా అమ్మాలంటే ధర ఎంత ఉండాలి? కమీషను 20 శాతం, నష్టపోయే సరకు 3 శాతం తీసివేయగా, నూరు రూపాయల అమ్మకంలో చేతికి వచ్చేది 77 రూపాయలు. ముడిసరకు, కూలి, రవాణా, వడ్డీ కలిపి రూ. 34,800. దీన్ని 77తో భాగించి 100తో గుణిస్తే సుమారు రూ. 45,200. అంటే కిలో రూ. 452కు అమ్మితే లాభనష్టాలు లేవు. రూ. 480కి అమ్మితే నూరు కిలోల మీద రూ. 2,160 మిగులుతుంది. ఆ ధరకు కొనేవారు ఉన్నారా అన్నది తరువాతి ప్రశ్న. లేరంటే నూనె, కారం టోకున కొని ఖర్చు తగ్గించుకోవాలి, లేదా నేరుగా కొనే ఇళ్ళను వెదుక్కోవాలి. రుచి తగ్గించి ఖర్చు తగ్గించడం మాత్రం సరైన దారి కాదు. ఏ గుణం చూసి నలుగురూ మెచ్చారో దాన్నే పోగొట్టుకున్నట్లవుతుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవాలి. ముందు ఇరవై కిలోలు పెట్టి, చుట్టాలకు కాక ముక్కూముఖం తెలియనివారికి అమ్మి చూడండి. బంధువుల మెప్పు మార్కెట్ కాదు. తెలియని మనిషి డబ్బిచ్చి కొని, మళ్ళీ రెండవసారి వచ్చి అడిగినప్పుడు అది మార్కెట్.

ఋతువును బట్టి ఋణం

ఋణంలో రెండు రకాలు ఉన్నాయి. లేత్, కుట్టుమిషన్, తేనెపెట్టె, పిండిమర వంటి నిలకడైన వస్తువులకు ఇచ్చేది కాలపరిమితి ఋణం. ఇది కొన్నేళ్ళలో వాయిదాలుగా తీరుతుంది. ముడిసరకు, కూలి, అమ్మకానికి ఉన్న నిల్వ, రావలసిన బాకీలు వీటికి కావలసినది నిర్వహణ మూలధనం. సరకు అమ్మిన కొద్దీ కట్టి, అవసరమైనప్పుడు మళ్ళీ తీసుకునే పద్ధతి దీనికి అనువైనది.

ఆవకాయ ఉదాహరణలో పెద్ద అవసరం యంత్రం కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారిగా ముడిసరకు కొనాలి, అమ్మకం ఏడాది పొడవునా సాగుతుంది. కాబట్టి అక్కడ కావలసినది నిర్వహణ మూలధనం. ఇది గ్రహించక, వచ్చిన ఋణమంతా గ్రైండరుకు, గది మరమ్మతుకు ఖర్చుచేసి, సీజను వచ్చేసరికి కాయలు కొనడానికి వడ్డీ వ్యాపారి వద్దకు వెళ్ళినవారిని నేను చూశాను. యంత్రం కొన్న రోజున ఫొటో తీస్తారు, కాయలు కొన్న రోజున తీయరు. అయినా వ్యాపారం నడిచేది కాయలతోనే.

దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలను ఒక కాగితం మీద వరుసగా రాయండి. ప్రతి నెల పక్కన వచ్చే డబ్బు ఒకవైపు, పోయే డబ్బు మరొకవైపు రాయండి. ఇంటి ఖర్చు, బడి ఫీజులు, పండుగలు కూడా చేర్చండి. డబ్బు రాని నెలలు ఎర్ర సిరాతో గుర్తించండి. ఆ కాగితాన్ని క్షేత్రాధికారికి చూపి, “ఈ నెలల్లో వాయిదా లేకుండా ఏర్పాటు చేయగలరా?” అని అడగండి. ఇలా అడగడం తప్పు కాదు. ఆదాయం వచ్చే కాలానికి తగినట్లు వాయిదాలు నిర్ణయించడం బ్యాంకుకు కూడా మేలే. వసూలు కాని వాయిదా వల్ల ఎవరికీ లాభం లేదు.

ఒక నోటు పుస్తకం, ఒక ప్రత్యేక ఖాతా తప్పనిసరి. ఇంటి డబ్బు, వ్యాపారపు డబ్బు ఒకే డబ్బాలో ఉంటే ఏది లాభమో ఏది మూలధనమో దేవునికే తెలియాలి. అమ్మకం సొమ్ము బ్యాంకు ఖాతాలో జమ అవుతుంటే, మరుసటి ఏడాది ఋణ పరిమితి పెంచమని అడగడానికి ఆ ఖాతాయే సాక్ష్యం.

డీలర్లకు ఒక మాట

ఈ పత్రిక చదివే దుకాణదారులు, డీలర్ల పాత్ర ఇందులో చిన్నది కాదు. కొత్త తయారీదారు మొదటి సరకు మీ దుకాణంలోనే పెడతాడు. మీరు మూడు నెలలు బాకీ ఉంచితే, మీ లెక్కలో అది చిన్న మొత్తం, అతనికి మాత్రం రెండవసారి ముడిసరకు కొనే డబ్బు అదే.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. నమోదైన సూక్ష్మ లేదా చిన్న సంస్థ నుండి సరకు తీసుకున్నవారు వ్రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా చెల్లించాలి. ఆ గడువు కూడా 45 రోజులు మించరాదు. ఒప్పందం లేకపోతే 15 రోజులలోగా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టవలసి వస్తుంది. ఈ రక్షణ పొందాలంటే తయారీదారు ఉద్యం నమోదు చేయించుకోవాలి. 2020 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన ఈ నమోదు ఆధార్ ఆధారంగా ఉచితంగా జరుగుతుంది. దానికి ఎవరికీ రుసుము ఇవ్వనక్కరలేదు.

చట్టం ఉన్నా, చిన్న తయారీదారు తన సరకు కొనే ఏకైక దుకాణం మీద ఫిర్యాదుకు వెళ్ళడం కష్టం. కాబట్టి సరకు ఇచ్చేటప్పుడే తేదీ, తూకం, ధర, చెల్లించే రోజు రాసి ఇద్దరూ సంతకం చేయడం మేలు. ఆ కాగితం ఉంటే తరువాత మాటపట్టింపులు ఉండవు.

శిక్షణ, పథకాలు

అభిరుచి ఉన్నంత మాత్రాన వృత్తి నైపుణ్యం పూర్తిగా ఉన్నట్లు కాదు. లెక్కలు, ప్యాకింగు, నాణ్యత, కొనుగోలుదారుతో మాట్లాడే తీరు నేర్చుకోవలసినవి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల మంజునాథేశ్వర విద్యా సంస్థ, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి నెలకొల్పిన శిక్షణ సంస్థ నమూనాగా, తరువాత దేశమంతటా బ్యాంకుల ఆధ్వర్యంలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి. భోజన వసతులతో ఉచితంగా శిక్షణ ఇవ్వడం వీటి ప్రత్యేకత. ఋణం తీసుకున్నాక కాదు, తీసుకోక ముందే అక్కడికి వెళ్ళిరండి.

2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్ర పథకంలో 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అని మూడు అంచెలు ఏర్పాటయ్యాయి. తరుణ్ ఋణం సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే అంచెను 2024 అక్టోబరులో చేర్చారు. తేనెటీగలు, కోళ్ళు, చేపల పెంపకం వంటి వ్యవసాయ అనుబంధ పనులు కూడా ఇందులోకి వస్తాయి. ఒక అపోహ తొలగించుకోవాలి. ముద్ర ఋణంలో సబ్సిడీ లేదు. ఇప్పిస్తామని చెప్పే దళారులకు డబ్బు ఇవ్వకండి. చేతివృత్తుల వారి కోసం 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకం 18 వృత్తులను చేర్చుకుంది. వాటిలో బొమ్మల తయారీ ఒకటి. మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల రూపాయల ఋణం 5 శాతం వడ్డీకి ఇవ్వడం అందులోని ముఖ్యాంశం. సూక్ష్మ, చిన్న సంస్థల ఋణాలకు 10 లక్షల వరకు ఆస్తి తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. పథకాల పరిమితులు, గడువులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక దరఖాస్తు రోజున శాఖలో కనుక్కోవడం అవసరం. తినే పదార్థాలు తయారుచేసేవారు అమ్మకానికి ముందే ఆహార భద్రత నమోదు చేయించుకోవాలి.

తనఖా అడగనంత మాత్రాన అది తీర్చనక్కరలేని సొమ్ము కాదు. ఆస్తి పూచీ లేని చోట మీ నోటు పుస్తకం, మీ మాట, మీ ఖాతా ఇవే పూచీ.

శాఖకు వచ్చే ముందు

ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు రాసుకుని రండి.

1. నా వస్తువు ఎవరి ఏ అవసరాన్ని తీరుస్తుంది?
2. బంధువులు కానివారు ఎందరు కొన్నారు, ఎందరు రెండవసారి కొన్నారు?
3. నా శ్రమ, కమీషను, వడ్డీ, నష్టపోయే సరకు కలుపుకుని ఒక్కొక్క వస్తువుకు ఎంత పడుతుంది?
4. ఏ నెలల్లో డబ్బు రాదు, ఆ నెలలు ఎలా గడుస్తాయి?
5. ఈ పని ఏడాదిపాటు ఆగిపోతే ఇల్లు దేనితో గడుస్తుంది?

ఐదవ ప్రశ్న అపశకునంగా తోచవచ్చు. కానీ తేనెపెట్టెల యువకుణ్ణి నిలబెట్టినది ఆ ప్రశ్నకు అతని వద్ద ఉన్న జవాబే, అంటే సైకిల్ దుకాణమే.

ఇటీవల ఆ ఊరి మీదుగా వెళ్ళినప్పుడు అతని ఇంటి దగ్గర ఆగాను. పెట్టెలు పద్నాలుగు అయ్యాయి. మరో ఆరు పెంచుకోవడానికి ఋణం ఇప్పించనా అని నేనే అడిగాను. అతను లోపలికి వెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చాడు. ఏ పొలంలో ఏ నెలలో ఏ పంట పూస్తుందో, ఎన్ని పెట్టెలకు సరిపోతుందో అందులో మూడేళ్ళుగా రాసి ఉంది. పుట తిప్పి చూసి, “ఈ ఏడాది నువ్వులు తక్కువ వేశారు సార్, వచ్చే ఏడాది చూద్దాము” అన్నాడు. వద్దన్న ఆ ఋణం గురించి చెప్పడానికి నాకు సంతోషంగా ఉంది. వచ్చే ఏడాది అతను అడిగితే సిఫారసు చేయడానికి నాకు పది నిమిషాలు చాలు.